అస్లాక్ బావ తొట్టికి బాతుల పెట్టె

లీడ్ కమతం, వోస్
సెప్టెంబరు 6

తమ్ముడు ఎంబ్రిక్‌కు,

ముందే చెబుతున్నాను, ఇది బీరు సంగతి. ఉత్తరం పొయ్యిలో పడేసే ముందు చివరిదాకా చదువు. పొయ్యి ఎక్కడికీ పోదు.

ఫోన్ చేయకుండా రాస్తున్నానంటే కారణం మీ బావే. పొద్దస్తమానం వంటింట్లో ఫోను పక్కనే కూర్చుంటున్నారు. అడిగితే గొర్రెల్ని చూస్తున్నానంటారు. గొర్రెలు ఇంకా కొండ దిగనే లేదు.

ఆయన వేళ్ళకు స్పర్శ పోయింది. షుగరు జబ్బు నరాల్ని తినేసిందని, పోయింది ఇక తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. కాగే గిన్నె పట్టుకున్నా తెలియదు, మంచుగడ్డ పట్టుకున్నా తెలియదు. దానికాయన పెద్దగా బాధపడలేదు. బాధంతా నేలమాళిగలో తొట్టి గురించి. ఈ ఇంట్లో బీరు కాచేది చేత్తోనే అని నీకు తెలుసు. జూనిపర్ కొమ్మలు మరిగించిన నీళ్ళతో మాల్టు రసం దించి, అది ఆరుతుంటే మోచేతిదాకా చెయ్యి పెట్టి, 'ఇప్పుడు' అని ఈస్ట్ తోడు వేసేవారు. ఆ తర్వాత అది పొంగుతున్నంతసేపూ తొట్టికి గొర్రెతోళ్ళు కప్పడం, తియ్యడం, అంతా అరచేతి లెక్కే.

పోయిన క్రిస్మస్‌కు రసం ఇంకా బాగా వేడిగా ఉండగానే తోడు వేసేశారు. ఈస్ట్ ఉడికి చచ్చింది. వసంతంలో మళ్ళీ అదే కథ. నేను థర్మామీటరు కొనుక్కొచ్చి, చూసి చెబుతానంటే, "సొంత నేలమాళిగలో పెళ్ళాన్ని అడిగి వేడి తెలుసుకునేవాడు ఆ ఇంట్లో అద్దెకున్నట్టే, గూడ్రిడ్" అన్నారు. అయినా ఒక్కసారి చూస్తే సరిపోదు కదా. పొంగు అణిగేదాకా, రెండు మూడు రోజులు, అది ముప్పై ఏడు డిగ్రీల దగ్గర నిలబడాలి. నాకేమో వృద్ధాశ్రమంలో డ్యూటీ.

మా అత్తగారినాటి ఈస్ట్‌లో ఇక మిగిలింది ఒక్క పొట్లం, ఎండిన పొరలు గుప్పెడు. లోయలో మిగతావాళ్ళంతా కొట్లో దొరికే పొట్లాలకు మారిపోయారు. మేము పంచిపెట్టిన ఇళ్ళన్నీ అడిగాను, ఒక్కరి దగ్గరా లేదు. ఇదీ చస్తే అంతే. ఆ భయంతోనే ఆయన మెట్లు దిగడం మానేశారు. 'మనతోపాటు పోయేదేలే' అంటున్నారు. మనిషి అలా మాట్లాడటం మొదలుపెడితే తర్వాత ఏమవుతుందో ఆశ్రమంలో రోజూ చూస్తున్నదాన్ని.

మీ ప్రార్థన మందిరంలో నువ్వు పెట్టిన చిన్న యంత్రం ఉందే, జనం రాకముందే హాలు వెచ్చబెట్టి, చాలనగానే తనంత తనే ఆగిపోయేది, అలాంటిది మా తొట్టికొకటి చేసిపెట్టు. నీ ఆత్మకు నష్టం రాని దారి నువ్వే వెతుక్కో. లేఖనాలు నీకు తెలిసినట్టు నాకు తెలియవు.

మెడకు మఫ్లరు చుట్టుకుని ప్రసంగించు. నీ గొంతు పోతే మీ ఊరికి మంచిదే గానీ నాకు బెంగ.

అక్క
గూడ్రిడ్


హెల్లెవీక్
సెప్టెంబరు 15

ప్రభువునందు ప్రియమైన అక్కకు వందనాలు.

నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు. పొయ్యి మూత తీసిన మాట నిజం.

అక్కా, ఎవరిని అడుగుతున్నావో తెలిసే అడుగుతున్నావా? లోకమంతా మునిగిన నీళ్ళలో మునగనివాడు నోవహు. ఆ నోవహు ఒడ్డున పడ్డాక ఒక ద్రాక్షారసపు గిన్నెలో మునిగి, గుడారంలో ఒంటిమీద బట్ట లేకుండా పడున్నాడు. ఓడ కట్టినవాడి గతే అదైతే చేపల పడవ కట్టేవాడి గతేమిటి? నేను ఈ మాట ప్రతి శరత్కాలం బల్ల గుద్ది చెబుతాను. వినేవాళ్ళలో పేదర్ ముందు బెంచీలో కూర్చుంటాడు. పడవ, ఇల్లు, పెళ్ళాం, అన్నీ సీసాలో పోగొట్టుకుని మా గుమ్మం ఎక్కినవాడు. ఇప్పటికి మూడేళ్ళుగా చుక్క ముట్టలేదు. వాడి చేతులు వణుకుతుంటే పట్టుకుని ప్రార్థించింది ఈ చెయ్యే. ఇదే చెయ్యి బీరు తొట్టికి తీగలు చుట్టిందని వాడికి తెలిస్తే?

కాబట్టి చేయను.

అని రాసి, సంతకం పెట్టి, కవరు అంచు నాలికతో తడిపాను కూడా. అప్పుడు బావ చేతులు గుర్తొచ్చాయి. నాన్న శవపేటికకు నాలుగో మనిషి దొరక్కపోతే, వానలో కొండ దాటి వచ్చి ఆ మూల పట్టిన చేతులు. కవరు చింపేశాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. మా సంఘంలో సహోదరి బోర్గిల్డ్ బాతుల్ని పెంచుతుంది. గుడ్లు పొదిగించే యంత్రం ఒకటి ఆవిడకు చేసిచ్చాను. గుడ్డుకు కావలసిన వేడి కూడా ఇంచుమించు ముప్పై ఏడే. ఈ రెంటికీ దేవుడు ఒకటే వేడి ఎందుకు పెట్టాడో నేనడగలేదు. అచ్చం అలాంటిదే ఇంకొకటి చేసి ఈ పార్శిలులో పంపుతున్నాను. మూతమీద 'బాతుగుడ్లకు' అని రాశాను. అబద్ధమాడలేదు. లోపల ప్రోగ్రాంలో ప్రతి అక్షరం బాతును తలుచుకుని రాసిందే. దాన్ని నువ్వు దేనికి తగిలిస్తావో నేనడగను, నువ్వు చెప్పకు.

పెట్టె నా పాత అన్నం డబ్బా. లోపల ఉన్న పచ్చ పలక మైక్రోకంట్రోలర్. బిస్కెట్టంత ఉంటుంది గానీ అదే మెదడు. స్టీలు గొట్టంలో ఉన్నది వేడి చూసే సెన్సర్. మొదటిదానిలోకి నీళ్ళు దిగి చచ్చింది, ఇది ఎపాక్సీ జిగురు పోసి మూశాను. కరిగే మంచులో పెడితే సున్నా చూపించింది, నా చంకలో పెట్టుకుంటే ముప్పై ఆరున్నర. నల్లటి పట్టీ తొట్టి నడుముకు చుట్టాలి. వేడి తగ్గితే రిలే స్విచ్చి టిక్కుమని పట్టీ వేడెక్కుతుంది, చాలగానే మళ్ళీ టిక్కుమని ఆగుతుంది. మనుషులకు కూడా అలాంటిదొకటి అమర్చి ఉంటే నాకు సగం ప్రసంగాలు తప్పేవి.

మఫ్లరు దొరికింది. చిమటలు ముందే చదివేసి ఉన్నాయి.

నీ తమ్ముడు, రక్షణ కొమ్ము పట్టుకుని వేలాడుతున్న
ఎంబ్రిక్


లీడ్ కమతం
అక్టోబరు 9

ఎంబ్రిక్‌కు,

పెట్టె చేరింది. ముందు నీళ్ళు పోసి చూశాను. టిక్కుమంది, ఆగింది, మళ్ళీ టిక్కుమంది. ముప్పై ఏడంటే ముప్పై ఏడే. ఒక పూట చూసి నమ్మాను. మీ బావ మెట్లమీంచే విని, "మీ తమ్ముడి బిడ్డే. అడక్కుండా మాట్లాడుతోంది" అన్నారు. ఎన్నాళ్ళకో నవ్వారు. ఆ నవ్వు చూసి ధైర్యం చేశాను. పొట్లంలో సగం తీసి చిన్న కాపు వేద్దామన్నాను. ఆయన వెళ్ళి జూనిపర్ కొమ్మలు నరికి తెచ్చారు.

తోడు వేసిన రాత్రే పొంగు లేచింది. పొద్దున తెల్లటి నురగ చూసుకుని డ్యూటీకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి పట్టీ చల్లగా, చచ్చిన పాములా ఉంది. నురగ అణిగిపోయింది. పెట్టెమీది అంకె ముప్పై ఒకటి. చూస్తుండగానే ముప్పై అయ్యింది, అప్పుడు టిక్కుమంది. మర్నాటికి మళ్ళీ ముప్పై ఏడుకు ఎక్కింది, నురగ కొంచెం లేచింది, డ్యూటీనుంచి వచ్చేసరికి మళ్ళీ చల్లారింది. రోజూ ఇదే. చివరికి పుల్లటి నీళ్ళు మిగిలాయి. అడుగు మడ్డి కూడా వాసన వచ్చింది, ఎండబెట్టడానికి పనికిరాలేదు. ఆయన వాసన చూసి, "అమ్మ ఈస్ట్ ముసలిదైపోయింది. దాన్ని ఇంక వదిలెయ్యి" అని మెట్లెక్కేశారు. అప్పటినుంచి దిగలేదు. మిగిలిన సగం పొట్లం పొయ్యిలో వేయబోతే చేతిలోంచి లాక్కున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన చేతిలోంచి ఏదీ లాక్కోలేదు ఇంతవరకు.

నేనొకటి అడుగుతాను, లేఖనం ఎత్తకుండా అవునో కాదో చెప్పు. మమ్మల్ని పాపంనుంచి తప్పించడానికి నువ్వే దాన్ని ఇలా చేసి పంపావా? బీరు చెడిపోతే నీ మనస్సాక్షీ మిగులుతుంది, అక్క మాటా మిగులుతుంది అనుకున్నావా?

గూడ్రిడ్


హెల్లెవీక్
అక్టోబరు 14

అక్కా,

కాదు.

లేఖనం ఎత్తకుండా చెప్పాను. ఇక ఎత్తుతాను.

నీ ఉత్తరం చదివి బల్లమీద కాఫీ కప్పు ఎగిరేలా గుద్దాను. నేను నీ తొట్టి చెడగొట్టదలిస్తే వోస్ రైలెక్కి వచ్చి, మీ గుమ్మంలో నిలబడి, లోయంతా వినేలా చెప్పి మరీ ఒలకబోస్తాను. చాటుగా చేసే రకాన్నా నేను? అని నీకు జవాబు రాయబోయాను. 'చాటుగా' దగ్గర కలం ఆగింది. మూతమీద బాతుగుడ్లు అని రాసినవాణ్ణి నేనే కదా.

ప్రోగ్రాం తెరిచి చదివాను. తప్పు దొరికింది. తప్పు చేసింది బాతు.

బాతుతల్లి రోజుకొకసారి గూట్లోంచి లేచి మేతకు పోతుంది. ఆ కాసేపు గుడ్లు చల్లబడితేనే పిల్ల గట్టిగా పుడుతుంది. అందుకని రోజుకోసారి వేడి ఆపి, ముప్పైకి దిగేదాకా ఆగి, మళ్ళీ వేడి పెట్టమని రాశాను. నువ్వు నీళ్ళు పోసి చూసిన పూటకు ఆ వేళ రాలేదు. గుడ్డు అయితే కాసేపటికే ముప్పైకి దిగుతుంది. మీ తొట్టి దిగడానికి పగలంతా పట్టింది. యంత్రం ఓపిగ్గా కూర్చుంది పాపం. బాతు ఇంకా మేత మేస్తోందనుకుంది.

నీ తొట్టికి బాతుతో పనిలేదని నాకు తెలుసు. తెలిసీ ఆ వరసలు తీసెయ్యలేదు. తీసేస్తే అది బాతుల యంత్రం కాకుండా పోతుంది, అప్పుడు మూతమీది మాట అబద్ధమవుతుంది. నా అబద్ధాన్ని నిజంగా ఉంచుకోవడం కోసం బావ తల్లి ఈస్ట్‌ను సగం చంపాను. లేఖనాల్లోని లవొదికయ సంఘాన్ని ఎన్నిసార్లు తిట్టానో, చల్లగానూ లేరు, మరిగేట్టూ లేరు, నోట్లోంచి ఉమ్మేయదగ్గవాళ్ళని. వాళ్ళెన్ని డిగ్రీల దగ్గర ఉన్నారో నాకిప్పుడు తెలిసింది. ముప్పై.

కాబట్టి బావతో చెప్పు, ఈస్ట్ ముసలిది కాలేదు. చచ్చిందయితే రోజూ చల్లార్చి వెచ్చబెట్టినా తల ఎలా ఎత్తింది? అది పోట్లాడింది. నా బాతుతో పోట్లాడింది.

ఇంకో యంత్రం చేస్తాను, ఈసారి బీరు కోసమేనని తెలిసి, నా చేత్తో. కానీ ముందు పేదర్‌కు చెప్పాలి. వాడికి తెలియకుండా చేసేదేదీ ఇక చేయను. నాకు బీరు కాచడం రాదు. ఈ సంగతులు బావే చెప్పాలి: పొంగుతున్నప్పుడు ఏ వేళకు చల్లబరచాలి? ఏ వేళకు మళ్ళీ వెచ్చబెట్టాలి? ఎక్కడ ఆపాలి? ఆయన చెప్పకపోతే మైక్రోకంట్రోలర్‌కు చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు.

మిగిలిన సగం పొట్లం ముట్టుకోకు.

తిట్టినందుకు కోపం లేదు. ఇంకొంచెం తిట్టాల్సింది.

ఎంబ్రిక్


లీడ్ కమతం
అక్టోబరు 27

తమ్ముడూ,

బాతు సంగతి ఆశ్రమంలో కాఫీ వేళ చెప్పాను. ముసలమ్మలు పళ్ళు ఊడేలా నవ్వారు, కొందరికి నిజంగానే ఊడాయి. నిన్ను అనుమానించినందుకు ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను. ఎరుపు రంగు. నువ్వు వేసుకోవాల్సిందే.

నీ ప్రశ్నలు భోజనాల దగ్గర చదివాను. "ప్రార్థన చేసుకుని తెలుసుకోమను మీ తమ్ముణ్ణి" అని ఆయన బంగాళదుంప తొక్క తీసుకుంటూ కూర్చున్నారు. నేను మళ్ళీ అడగలేదు. కాసేపటికి తొక్క తీయడం ఆగింది.

"ఏ వేళకు చల్లబరచాలని అడిగాడా?"

అవునన్నాను.

"వేళేమిటి? పొంగు గడియారం చూసుకుని వస్తుందా? వాడికి ఆ మాత్రం తెలియదా?"

తెలియదనే అడుగుతున్నాడు అన్నాను. ఇక మొదలుపెట్టారు. దుంపలు చల్లారిపోయాయి. తోడు వేసేటప్పుడు ముప్పై ఏడట. పొంగు అందుకున్నాక పట్టీతో పనే లేదట, అది తన వేడి తనే పుట్టించుకుంటుంది. అప్పుడు చూసుకోవాల్సింది వేడి మరీ పైకి పోకుండా. నలభై దాటితే గొర్రెతోలు తియ్యాలి, అంటే నీ యంత్రం వేడి పెట్టడం కాదు, గంట కొట్టి మమ్మల్ని పిలవాలి. నురగ అణుగుతున్నప్పుడే మళ్ళీ చలి తగలకుండా చూడాలి. అదీ వేళను బట్టి కాదు, చప్పుడును బట్టి. బుస్సుమనేది గుసగుసలోకి దిగుతుందట. చప్పుడు యంత్రానికి ఎలా తెలుస్తుందని అడిగితే, "దానికి తెలియక్కర్లేదు. చెవులు నాకున్నాయి" అన్నారు.

ఇంకో మాట కూడా చెప్పమన్నారు. సెన్సర్ తొట్టి గోడకు ఆనించి నేను వేలాడదీశానట. అక్కడ పట్టీ వేడే చూపిస్తుంది గానీ రసం వేడి కాదు. మధ్యలో ఉండాలి. ఎలా వేలాడదీయాలో నోటితో చెప్పి నాకు అర్థం కాకపోతే, విసుక్కుంటూ లేచి, నేలమాళిగలోకి దిగి చూపించారు. నేను నోరు నొక్కుకుని దీపం పట్టుకున్నాను. ఒక్క మాట అన్నా మళ్ళీ ఎక్కేస్తారేమోనని.

పేదర్ ఏమన్నాడు? నాకు ఆ మనిషి గురించే గుబులుగా ఉంది. మా తొట్టి కోసం అతను మళ్ళీ తాగుడులోకి జారితే ఆ బీరు నేను తాగలేను.

అక్క


హెల్లెవీక్
నవంబరు 11

అక్కకు, మేజోళ్ళు వేసుకునే రాస్తున్నాను.

పేదర్ వలలు బాగుచేసుకుంటుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. అంతా చెప్పాను. మూతమీది రాత, బాతు, బావ చేతులు, అన్నీ. వాడు అల్లుతూనే విన్నాడు. మధ్యలో బాతు దగ్గర మాత్రం తల తిప్పి నావైపు చూశాడు. అయిపోయాక నేను క్షమించమని అడిగాను. వాడన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఈ దేశంలో ఏ నేలమాళిగలో ఏముందో నాకు వాసనే చెబుతుంది, ఎంబ్రిక్. నీ డబ్బా నన్ను పడెయ్యదు. తాగే రోజుల్లో నన్ను పడేసింది సీసా కంటే ముందు అబద్ధం. ఇంటికొచ్చి, తాగలేదని చెప్పేవాణ్ణి. నువ్వు కూడా ఆ పని మొదలుపెడితే నేనెవరి చెయ్యి పట్టుకోవాలి?"

అక్కా, ఇరవై ఏళ్ళుగా ప్రసంగిస్తున్నాను. ఇంత చిన్న ప్రసంగం ఇంతవరకు చేయలేకపోయాను.

ఆదివారం కూటం అయ్యాక, కాఫీకి, వాఫిల్ అట్లకు జనం లేవకముందే నిలబడి అందరికీ చెప్పాను. నేను తాగను, తాగమని ఎవరికీ చెప్పను, ఈ విషయంలో నా మాట మారలేదు, కానీ మా బావ తొట్టికి యంత్రం నా చేత్తో చేస్తున్నాను అన్నాను. పెద్దలు గదిలోకి వెళ్ళి మాట్లాడుకున్నారు. ఈస్టరు దాకా ప్రసంగపీఠం ఎక్కవద్దన్నారు. న్యాయమే. నా బదులు పెద్దాయన హాల్వర్ ప్రసంగిస్తున్నాడు. మెల్లగా. అక్కా, చాలా మెల్లగా. ఆయన ఎర్ర సముద్రం దాటించేసరికి మాకు ఆటుపోట్లు రెండూ అయిపోతాయి. నేను కింద కూర్చుని పళ్ళ బిగువున వింటున్నాను. ఇది కూడా నాకు అవసరమేనని పేదర్ అంటాడు, పక్కనే కూర్చుని, మోచేత్తో పొడుస్తూ.

కొత్త పెట్టె పంపుతున్నాను. బావ చెప్పినట్టే రాశాను. ముప్పై ఏడు దాకా పట్టీ, ఆ తర్వాత పట్టీకి సెలవు, నలభైకి గంట. గంటకు ఓడరేవులో దొరికిన పాత బజరు పెట్టాను, చచ్చినవాళ్ళు కూడా లేస్తారు. సెన్సర్‌కు పొడుగు తీగ, కొసకు స్టీలు బరువు, తొట్టి మధ్యలో నిటారుగా వేలాడుతుంది. చల్లబరిచే వరసలన్నీ తీసేశాను. బాతు వెళ్ళిపోయింది. మూతమీద ఈసారి 'అస్లాక్ బీరు తొట్టికి' అని రాశాను, పోస్టాఫీసులో అమ్మాయి బయటికి చదివింది కూడా. చదవనిచ్చాను.

బావ చేతులు ఎలా ఉన్నాయి? నేను చేసింది తొట్టికి మాత్రమే. ఆ చేతులకు చేయగలిగింది నాకేమీ కనబడటం లేదు, ప్రార్థన తప్ప. అది చేస్తున్నాను, మెల్లగా కాదు.

నీ తమ్ముడు
ఎంబ్రిక్


లీడ్ కమతం
డిసెంబరు 13

తమ్ముడు ఎంబ్రిక్‌కు,

బతికింది.

నీ గంట ఒక్కసారే మోగింది. పక్క కమతంలో కుక్క ఇంకా మంచం కిందినుంచి రాలేదట. గొర్రెతోలు తీశాం, దిగింది. పొంగు తొట్టి అంచుదాకా లేచి, పొర్లి, నేలంతా నురగ. నేను తుడుస్తుంటే ఆయన తుడవనివ్వలేదు, కాసేపు ఉండనీ, చూద్దాం అన్నారు. చప్పుడు గుసగుసలోకి దిగినప్పుడు ఆయన మెట్లమీద కూర్చుని కళ్ళు మూసుకుని విని, 'ఆఁ' అన్నారు. పీపాలోకి దించాం. ఉప్పు పట్టించిన గొర్రె పక్కటెముకలు ఎండుతున్నాయి, క్రిస్మస్‌కు రెండూ కలుస్తాయి.

అడుగున దిగిన ఈస్ట్ మంచి రంగులో ఉంది. బేకింగ్ కాగితం మీద పరిచి ఎండబెట్టాం. అప్పుడే ఆయన ఒక సంగతి తీశారు. వాళ్ళమ్మ రోజుల్లో ఒక పాలు ఎప్పుడూ వేరే ఇంట్లో ఉంచేవారట. మన దగ్గర చస్తే వెళ్ళి తెచ్చుకోవడానికి. ఇన్నాళ్ళూ ఆ మాట మరచిపోబట్టే ఇంతదాకా వచ్చిందన్నారు. ఎవరింట్లో ఉంచుదామని అడిగితే ఆలోచించకుండానే, "మా బావమరిది ఇంట్లో. ఈ దేశంలో అంతకంటే భద్రమైన చోటు లేదు, అక్కడెవరూ దాన్ని వాడెయ్యరు" అన్నారు. ఈ కవరులో ఉన్న చిన్న పొట్లం అదే. ఫ్రిజ్‌లో పైన, చేపలకు దూరంగా పెట్టు. పేదర్‌తో చెప్పే పెట్టు. అతను వద్దంటే తిరిగి పంపించు, ఆయన ఏమీ అనుకోరు, నేను అడిగే రాస్తున్నాను.

ఆయన చేతుల గురించి అడిగావు. అలాగే ఉన్నాయి. డాక్టరమ్మ మళ్ళీ చూసింది, అదే చెప్పింది.

తోడు వేసే రోజు రసం ఆరుతుంటే ఇద్దరం తొట్టి దగ్గర నిలబడ్డాం. నేను నీ పెట్టె దగ్గర, అంకె వైపు. ఆయనేమో చొక్కా చెయ్యి మోచేతిదాకా మడుచుకుని, ఎప్పటిలాగే రసంలో ముంచారు. తెలియదు కదా అని నేను అనలేదు. ఆయన అంకె వైపు తిరగలేదు. చెయ్యి అలాగే ఉంచి, గోడవైపు చూస్తూ, "ఎంత?" అని అడిగారు.

ముప్పై ఏడు అన్నాను.

తలాడించారు.

"నాకూ అంతే అనిపించింది" అని, తోడు వేశారు.

అక్క
గూడ్రిడ్